‘జరిగిపోయింది’ నుంచి ‘చేశాను’ దాకా: పాపం ఒప్పుకోవడం ఎలా

డిసెంబర్ 31 రాత్రి పదకొండున్నర దాటాక, వాచ్ నైట్ ఆరాధనలో పాస్టర్ గారు “ఈ ఏడాది చేసిన పాపాలు ప్రభువు దగ్గర ఒప్పుకుందాం” అంటారు. అందరం మోకాళ్ళ మీదికి వెళ్తాం. మందిరమంతా ఒక్కసారిగా హోరెత్తుతుంది. నేనూ గొంతు కలుపుతాను: “ప్రభువా, తెలిసి చేసినవి, తెలియక చేసినవి, తలంపులో, మాటలో, క్రియలో చేసిన పాపాలన్నీ క్షమించు.” పన్నెండు కొట్టగానే లేచి షేక్‌హ్యాండ్లు, కేకు, హ్యాపీ న్యూ ఇయర్.

ఆ ఒక్క వాక్యాన్ని ఇంచుమించు ఇరవై ఏళ్ళు చెప్పాను. ప్రార్థనగా దానికి వంక పెట్టను. కాకపోతే అందులో లోకంలోని పాపాలన్నీ ఉన్నాయి, నాది మాత్రం లేదు. నాది ఏమిటో తర్వాత చెబుతాను. మీకూ అలాంటిదొకటి ఉండి, ఎన్నిసార్లు ప్రార్థించినా లోపల ముల్లులా తగులుతూ ఉంటే, దాన్ని ఎలా ఒప్పుకోవాలో, ఎవరి దగ్గర ఒప్పుకోవాలో, ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. మీరు కతోలికులైనా, సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల వాళ్ళైనా చాలా భాగం అందరికీ ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు రెండు మాటల సంగతి

పశ్చాత్తాపం అంటే తర్వాత కలిగే తాపం. చేసేశాక లోపల కాలడం. అది ఎవరికైనా కలుగుతుంది, దొరికిపోయిన దొంగకి కూడా. కొత్త నిబంధన గ్రీకులో ‘మెటానోయా’ అన్న మాటకి మన తెలుగు బైబిలు వేరే మాట పెట్టింది: మారుమనస్సు. కాలడం ఒకటి, తిరగడం ఇంకొకటి.

మత్తయి 27వ అధ్యాయం తీసి చూడండి. అక్కడ “పశ్చాత్తాపపడి” అన్న మాట యూదా ఇస్కరియోతు గురించి ఉంది. అతను ఊరికే ఏడ్చి ఊరుకోలేదు. ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు. “నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని” అని పాపాన్ని పేరు పెట్టి మరీ చెప్పాడు. మనలో చాలామంది ఆ మాత్రం కూడా చేయం. మరి ఎక్కడ తప్పింది? అతను వెళ్ళిన గుమ్మం ప్రధానయాజకులది. వాళ్ళన్నది: “దానితో మాకేమి? నీవే చూచుకొనుము.” అతను ఆ మాటే పట్టుకుని వెళ్ళిపోయి ఉరి వేసుకున్నాడు. అదే రాత్రి యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ పేతురు మిగతావాళ్ళతోనే ఉన్నాడు. తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు కనబడితే ఈదుకుంటూ ఎదురెళ్ళాడు. పాపం పెద్దదా చిన్నదా అన్నది ఇక్కడ ప్రశ్న కాలేదు. ఏడ్చాక ఎవరి దగ్గరికి వెళ్ళారన్నదే తేడా.

మనసు మరీ భారంగా ఉండి, బతకడం ఎందుకు అన్న ఆలోచన మీకు వస్తుంటే, ఇది చదవడం ఇక్కడే ఆపేయండి. ముందు నమ్మకమైన మనిషికి ఫోన్ చేయండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఒప్పుకోలు ఎక్కడికీ పోదు, తర్వాత చేసుకోవచ్చు.

ఒక గంట, ఒక కాగితం

ఇంట్లో ఎవరూ లేని గంట చూసుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము” అన్న 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదివి, పెన్ను పట్టుకోండి.

రాసేటప్పుడు ఒకటే నియమం: గుణాలు రాయొద్దు, పనులు రాయండి. “నాకు కోపం ఎక్కువ” అని రాస్తే అది జాతకం చెప్పినట్టుంటుంది. “మంగళవారం రాత్రి అన్నం దగ్గర పిల్లవాణ్ణి చెంప మీద కొట్టాను” అని రాయండి. “డబ్బు విషయంలో నమ్మకంగా లేను” కాదు, ఎవరి డబ్బు, ఎంత, ఎప్పుడు. అంకెలు వేస్తుంటే చెయ్యి ఆగుతుంది చూడండి, సరిగ్గా ఆ చోటే రాయాల్సింది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో సామాన్యుల కోసం రాసిన ప్రశ్నోత్తరాల్లో ఒక మంచి దారి చూపించాడు. పది ఆజ్ఞలు ముందు పెట్టుకుని, మీ స్థానాన్ని బట్టి చూసుకోండి అంటాడు: మీరు తండ్రా, తల్లా, కొడుకా, యజమానా, పనివాడా? ఎవరినైనా మాటతో గాని చేతతో గాని నొప్పించారా? దొంగిలించారా? ఈ పద్ధతి నాకు నచ్చడానికి కారణం, అది పాపాన్ని ఆకాశంలోంచి ఇంట్లోకి దింపుతుంది.

మన దగ్గర సిగరెట్టు, సినిమా, తాగుడు గురించి ప్రసంగాలు బోలెడు. ఆ జాబితాలోకి రానివి కొన్ని నేనే కలుపుతాను. కొడుకు పెళ్ళికి ‘వాళ్ళు ఇష్టంతో ఇచ్చారు’ అంటూ తీసుకున్న కట్నం. చీటీ పాడుకుని కట్టకుండా ఎగ్గొట్టిన వాయిదాలు. దున్నేటప్పుడు ఏడాదికి ఒక సాలు చొప్పున పక్క పొలంలోకి జరిగిన గట్టు (సరిహద్దు రాయి జరిపినవాడిని ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయం శాపగ్రస్తుడంటుంది, గమనించండి). పనిమనిషి జీతంలో కోసిన మూడు రోజులు. “మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది” అని యాకోబు రాసింది దీని గురించే. ఉద్యోగం కోసం పెట్టిన దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. ఇక అన్నిటికన్నా మనం మాట్లాడనిది కులం. ఒకే బల్ల దగ్గర రొట్టె తిని, బయటికొచ్చాక “వాళ్ళ సంబంధం మనకెందుకు” అన్నామా? కొత్తగా వచ్చిన కుటుంబం ఇంటిపేరు అడిగి, దాన్ని బట్టి కుర్చీ చూపించామా? అది రాయండి. ఇంటిపేరుతో సహా.

ఇప్పుడు అదే కాగితాన్ని ఇంకోసారి చదివి కొన్ని కొట్టేయాలి. మీ మీద ఇంకొకళ్ళు చేసిన పాపాలు మీ ఖాతాలో ఉంటే కొట్టేయండి. చిన్నప్పుడు ఎవరో మీతో తప్పుగా ప్రవర్తిస్తే అది మీ పాపం కాదు. ముప్పై ఏళ్ళు దాన్ని మీ పాపంగా మోసినా కాదు. “నేను ఆ రోజు ఊళ్ళో ఉంటే అమ్మ బతికేది” అన్నది దుఃఖం, అపరాధం కాదు. పిల్లలు పుట్టకపోవడం, డిప్రెషన్ రావడం, జబ్బు చేయడం, వీటిని ‘ఏదో పాపం ఉండబట్టే’ అని ఎవరైనా చెప్పి ఉంటే, పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అడిగిన ప్రశ్నకి యేసు ఏమన్నాడో యోహాను 9లో చదవండి.

వాక్యాన్ని సరిచేయండి

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే మెట్టు ఇదే, అందుకే కాస్త ఎక్కువసేపు ఉంటాను.

తెలుగులో చేసినవాడు కనబడకుండా తప్పు చెప్పే సదుపాయం బ్రహ్మాండంగా ఉంది. “పొరపాటు జరిగిపోయింది.” “నోరు జారింది.” “కోపంలో చెయ్యి లేచింది.” “అప్పుడు బుద్ధి గడ్డి తింది.” నోరు జారింది, చెయ్యి లేచింది, బుద్ధి గడ్డి తింది. ఇన్ని జరిగినా నేను మాత్రం పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటాను. మీ కాగితం మీద ఇలాంటి వాక్యాలన్నిటికీ ‘నేను’ అన్న కర్తని పెట్టండి. జరిగింది అన్నచోట చేశాను. పోయింది అన్నచోట పోగొట్టాను, తీసుకున్నాను, తిన్నాను. నమ్మండి, వ్యాకరణం మార్చేసరికే చెమట పడుతుంది.

రెండోది ‘కానీ’. “కొట్టాను, కానీ ఆవిడ కూడా...” ‘కానీ’ దగ్గర గీత గీసి తర్వాతి భాగం కొట్టేయండి. అది నిజమే కావచ్చు. అయినా అది ఆవిడ కాగితం మీద ఉండాల్సిన మాట.

ఇది కొత్త జబ్బేం కాదు. పండు తిన్నావా అని దేవుడు అడిగితే ఆదాము చెప్పిన జవాబులోనే ఉంది: “నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే...” ఒక్క వాక్యంలో భార్యనీ, ఆమెను ఇచ్చినందుకు దేవుణ్ణీ ఇరికించి, తినడం సంగతి చివర్లో చెప్పాడు. సౌలు రాజైతే మొదటి సమూయేలు 15లో రెండుసార్లు “పాపము చేసితిని” అన్నాడు. మొదటిసారి జనానికి భయపడ్డానని కారణం తగిలించాడు. రెండోసారి, పెద్దల ముందు మాత్రం నా పరువు కాపాడమన్నాడు. మన సంఘాల్లో పెద్దమనుషుల రాజీలు చూసినవాళ్ళకి ఈ రెండో మాట కొత్తగా అనిపించదు. దావీదు చేసింది సౌలుకన్నా ఘోరం: వ్యభిచారం, దాన్ని కప్పిపుచ్చడానికి హత్య. నాతాను ప్రవక్త గొర్రెపిల్ల కథ చెప్పి “ఆ మనుష్యుడవు నీవే” అన్నప్పుడు దావీదు ఇచ్చిన జవాబు హెబ్రీలో రెండే మాటలు. యెహోవాకు విరోధంగా పాపం చేశాను, అంతే. కారణం లేదు, షరతు లేదు.

దేవునితో చెప్పడం

కాగితం చేతిలో పెట్టుకుని పైకి చదవండి. మనసులో కాదు, పెదవులతో. గొంతు చాలా చిన్నదైనా సరే. 51వ కీర్తన ముందు చదివితే మాటలు దొరుకుతాయి. దొరక్కపోతే ఇలా అనండి:

“తండ్రీ, నేను ఫలానా రోజు ఫలానా పని చేశాను. అది తప్పని తెలిసే చేశాను. నాకు సాకు లేదు. యేసు క్రీస్తు నా కోసం చనిపోయాడని నమ్మి నీ దగ్గరికి వచ్చాను. నన్ను క్షమించు. దీన్ని విడిచిపెట్టే శక్తి ఇయ్యి.”

ప్రతి వరసకీ ఒకసారి. తొందరపడొద్దు. ఏడుపు వస్తే రానివ్వండి, రాకపోతే తెచ్చుకోవద్దు. కన్నీళ్ళు కొలిచి క్షమాపణ ఇచ్చే పద్ధతి బైబిల్లో ఎక్కడా లేదు.

అయిపోయాక మొదటి యోహాను 1:9 పైకి చదవండి: “మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును.” ఆయన జాలిగలవాడు గనుక అని ఇక్కడ రాయలేదు, నీతిమంతుడు గనుక అని రాశాడు. క్రీస్తు సిలువ మీద చెల్లించాడు కాబట్టి, చెల్లిన అప్పు మళ్ళీ అడగడం న్యాయం కాదు. క్రైస్తవ విశ్వాసంలో క్షమాపణ దేవుడి మూడ్ మీద ఆధారపడదు అనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు కనబడలేదు.

తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర కూర్చుని ఒక ప్రసంగం తయారుచేసుకున్నాడు గదా. చివర్లో “నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము” అని కూడా కలుపుకున్నాడు. లూకా 15లో 19వ వచనాన్నీ 21వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటికొచ్చాక కూలివాడి మాట అతని నోటినుంచి రాలేదు. తండ్రి అప్పటికే చెప్పులు, అంగీ, ఉంగరం తెమ్మంటున్నాడు. మీరు కూడా “ఇకనుంచి నెలకు ఇంత కానుక, వారానికి ఇన్ని ఉపవాసాలు” అని బేరం తయారుచేసుకుని ఉంటే, ఆ భాగం వదిలేయండి.

ఎవరైనా సరే, క్షమాపణకో శాపవిమోచనకో ఇంత కానుక అని రేటు చెబితే లేచి వచ్చేయండి. 1517లో జర్మనీలో టెట్జెల్ అనే సన్యాసి పాపశిక్ష తగ్గింపు పత్రాలు అమ్ముతుంటే, లూథర్ 95 వాక్యాలు రాసింది అందుకే. మొదటి వాక్యంలోనే, విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలన్నది ప్రభువు ఉద్దేశమన్నాడు.

ఇంకో మనిషి వినాలా?

“మీ పాపములను ఒకనితో ఒకడు ఒప్పుకొనుడి” అని యాకోబు 5:16. దీన్ని ఎలా పాటించాలన్న దగ్గరే సంఘాలు వేరవుతాయి.

మీరు కతోలికులైతే దారి స్పష్టంగా ఉంది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ నాటినుంచి ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు చెప్పుకోవడం) చేయాలన్నది నియమం. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో గుళ్ళలో వరసలు కట్టేది అందుకే. చాలా ఏళ్ళయిందా? భయపడకండి. ఫాదర్ గారితో మొదటే “చాలా కాలమైంది ఫాదర్, పద్ధతి మర్చిపోయాను, సాయం చేయండి” అనండి. ఆయన నడిపిస్తారు. చివరి పాపసంకీర్తనం ఎప్పుడు చేశారో చెప్పండి. పెద్ద పాపాలను ఏ రకమో, ఎన్నిసార్లో చెప్పండి. కథలు అవసరం లేదు, ఇతరుల పేర్లు అసలే వద్దు. ఆయన సలహా, ప్రాయశ్చిత్తం చెబుతారు. మీరు పశ్చాత్తాప ప్రార్థన చెప్పాక పాపవిమోచన పలుకుతారు. ఆ ప్రాయశ్చిత్తం ఆ రోజే చేసేయండి, లేకపోతే మర్చిపోతారు. మీరు చెప్పింది ఆయన ఎవరికీ చెప్పరు. సంకీర్తన రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువుకి శ్రీసభ చట్టం ప్రకారం వెలి తప్పదు.

సీఎస్ఐ, లూథరన్ ఆరాధనల్లో సంఘమంతా కలిసి ఒప్పుకోలు చెబుతుంది, అయ్యగారు క్షమాపణ వాక్యం పలుకుతారు. పుస్తకం చూసి చదివేది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ ఉండే చిన్న మౌనంలో మీ కాగితం గుర్తుచేసుకోండి. మిగతా సంఘాల్లో ఇలాంటి ఏర్పాటు ఉండకపోవచ్చు. అప్పుడు వినే మనిషిని మీరే వెతుక్కోవాలి.

ఎవరిని ఎంచుకోవాలి? ఇతరుల రహస్యాలు మీకు ఇదివరకు చెప్పని మనిషిని. ఇదొక్కటే నా కొలత. “ప్రార్థన కోసం చెబుతున్నా” అంటూ ఊళ్ళో వాళ్ళ సంగతులు మోసేవాళ్ళు రేపు మీదీ మోస్తారు. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో, మగవాళ్ళు మగవాళ్ళతో చెప్పుకోవడం మంచిది. ముందే “అయ్యగారూ, ఇది మీ దగ్గరే ఉండాలి, ప్రసంగంలో ఉదాహరణగా కూడా రాకూడదు” అని మాట తీసుకోండి. నవ్వుతారేమో గానీ అడగండి. వాట్సాప్ ప్రార్థన గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టొద్దు. సాక్ష్యం పేరుతో వేదిక మీద చెప్పడం కూడా తొందరపడి చేయొద్దు, ముఖ్యంగా అందులో ఇంకొకరి పరువు ఉన్నప్పుడు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పిల్లల మీద లైంగిక దాడి లాంటి నేరం అయితే ‘సంఘంలోనే ఒప్పుకున్నాడు, క్షమించేశాం’ అని ముగించడానికి లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోవడమే నేరం. దేవుడు క్షమిస్తాడు. దాంతో కేసు రద్దు కాదు. పక్కనే సిలువ మీద ఉన్న దొంగ “మనకైతే యిది న్యాయమే” అని తన శిక్షను ఒప్పుకుంటూనే పరదైసు మాట పొందాడు.

ఆ మనిషి ఇంటికి వెళ్ళడం

ఇక నా సంగతి. 1999 డిసెంబర్‌లో మా యూత్ క్యారల్స్‌కి నేను ట్రెజరర్‌ని. రాత్రుళ్ళు ఇంటింటికీ తిరిగి పాటలు పాడితే చందా వస్తుంది గదా, ఆ డబ్బాలో డబ్బు లెక్క రాసేది నేనే. అందులోంచి 2,300 రూపాయలు తీసి ఫీజు కట్టుకున్నాను. జనవరిలో పెట్టేద్దామనుకున్నాను. పెట్టలేదు. లెక్కల పుస్తకంలో ‘టిఫిన్లు, పెట్రోమాక్స్ అద్దె’ అని సర్దేశాను. ఆ తర్వాత దేవుడి దగ్గర దాన్ని ఎన్నిసార్లు ఏడ్చి ఒప్పుకున్నానో లెక్కలేదు. కానీ ప్రతి డిసెంబర్‌లో డప్పు చప్పుడు వినబడితే చాలు, కడుపులో దేవినట్టయ్యేది. దేవుడు క్షమించలేదేమో అనుకునేవాణ్ణి. క్షమించడం ఆయన పని, డబ్బు తిరిగి ఇవ్వడం నా పని అన్న ఇంత చిన్న విషయం తట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

సంఖ్యాకాండం 5:7 దీనికి లెక్క చెబుతుంది: ఒప్పుకుని, తీసుకున్న మూలధనం ఇచ్చి, అందులో అయిదో వంతు కలపాలి. 2,300కి అయిదో వంతు 460. మొత్తం 2,760. మా ఆవిడ “బ్యాంకు వడ్డీ వేసినా ఇంతకన్నా ఎక్కువే అవుతుంది” అంది. లూకా 19లో పన్ను వసూలుదారు జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు, ఆ లెక్కన 9,200; ఆవిడ మాట కూడా నిజమే కాబట్టి పది వేలు పట్టుకుని సంఘపెద్ద ఇంటికి వెళ్ళాను. దారిలో రెండుసార్లు బండి ఆపాను. ఆయన అంతా విని, ఏమీ అనకుండా నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, రసీదు పుస్తకం తీశారు. “వివరం దగ్గర ఏమని రాయమంటావు?” అన్నారు. “క్యారల్స్, 1999” అన్నాను. అలాగే రాసి చించి ఇచ్చారు. టీ తాగి వెళ్ళమన్నారు.

వెళ్ళేముందు మాటలు సిద్ధం చేసుకోండి. మూడు వాక్యాలు చాలు: “నేను మీకు ఈ పని చేశాను. అది తప్పు. దీనికి బదులుగా ఇది తెచ్చాను, నన్ను క్షమించమని అడుగుతున్నాను.” ‘మీకు బాధ కలిగి ఉంటే సారీ’ అనొద్దు, ఉంటే ఏమిటి, కలిగించాం కాబట్టే గదా వెళ్ళాం. గాంధీ పదిహేనేళ్ళ వయసులో అన్న కడియంలోంచి కాస్త బంగారం దొంగిలించి, నోటితో చెప్పలేక కాగితం మీద రాసి జబ్బుతో ఉన్న తండ్రి చేతికిచ్చాడు. నన్ను శిక్షించండి, ఇక దొంగతనం చేయను అని రాశాడు. తండ్రి ఏడ్చి ఆ కాగితం చించేశాడు. గాంధీ క్రైస్తవుడు కాడు గానీ, పద్ధతిలో మాత్రం వంక పెట్టడానికేం లేదు. నోరు పెగలనివాళ్ళకి ఉత్తరం మంచి దారే.

వెళ్ళకూడని సందర్భాలూ ఉన్నాయి. మీరు మనసులో ఎవరి మీదైనా అసూయపడితే, మోహపడితే, అది వాళ్ళకి తెలియదు. వెళ్ళి చెప్పి వాళ్ళ నెత్తిన పెట్టొద్దు. అది దేవుడితో చెప్పుకునేది. వివాహేతర సంబంధం ఉంటే ముందు దాన్ని తెంచండి. జీవిత భాగస్వామికి ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది అనుభవమున్న కౌన్సెలర్‌తో మాట్లాడాకే. మీ మనసు తేలిక చేసుకోవడానికి అర్ధరాత్రి అంతా కక్కేసి ఆవిణ్ణి నిద్ర లేకుండా చేయడం ఒప్పుకోలు అనిపించుకోదు.

మీరు అన్యాయం చేసిన మనిషి చనిపోయి ఉంటే? డబ్బైతే పిల్లలకి ఇవ్వండి. అదే సంఖ్యాకాండం తర్వాతి వచనం, తీసుకునే రక్తసంబంధి లేకపోతే ఆ సొమ్ము యెహోవాకు చెందాలంటుంది; ఈ రోజుల్లో అవసరంలో ఉన్నవాళ్ళకి ఇవ్వడం దానికి దగ్గరగా ఉంటుంది. మాటైతే, సమాధుల దగ్గరికి ఎలాగూ ఈస్టర్ తెల్లవారుజామునో, నవంబర్ 2నో పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తాం గదా. అక్కడ నిలబడి దేవుడితో చెప్పండి. చనిపోయినవాళ్ళు వింటారని కాదు, మీరు ఆ పేరు పైకి పలకడం కోసం.

వాళ్ళు క్షమించకపోవచ్చు. తలుపు వేసేయొచ్చు. అది వాళ్ళ హక్కు. “శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు” అందరితో సమాధానంగా ఉండమని పౌలు రోమా 12:18లో ఊరికే రాయలేదు. ఇన్నాళ్ళూ భార్యని కొట్టిన మనిషి ఒకరోజు కాళ్ళ మీద పడితే, ఆవిడ వెంటనే కాపురానికి వచ్చేయాలని సంఘం ఒత్తిడి చేయడం నేను చూశాను. అది తప్పు. అతని మారుమనస్సు నిజమైతే ఎదురుచూడటం కూడా అతనికి చేతనవ్వాలి.

మీరు ఇవ్వాల్సిన క్షమాపణ

ప్రభువు ప్రార్థనలో పాపానికి మత్తయి వాడింది ‘ఋణం’: “మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములను క్షమించుము.” మత్తయి 18లో యేసు దాన్ని అంకెల్లో చెప్పాడు. దాసుడు రాజుకి బాకీ పదివేల తలాంతులు. అతనికి తోటి దాసుడి బాకీ నూరు దేనారాలు. దేనారం ఒక రోజు కూలి, తలాంతు ఆరు వేల దేనారాలు. కూలి అయిదు వందలు వేసుకుంటే ఒకటి మూడు వేల కోట్లు, రెండోది యాభై వేలు. చాలామంది ఆ రెండోదాన్ని ‘చిల్లర బాకీ’ అని చెబుతారు. యాభై వేలు చిల్లర కాదు. మీకు జరిగిన అన్యాయం చిన్నదని యేసు ఎక్కడా అనలేదు. అది నిజమైన అప్పేనని ఒప్పుకునే, మూడు వేల కోట్ల పక్కన పెట్టి చూడమన్నాడు. మీ కాగితం వెనకవైపు ఆ పేర్లు రాయండి. ఒక్కరోజులో అయ్యేది కాదు. ఈ వారం ఒక పేరుతో మొదలుపెట్టండి.

తర్వాతి వారాలు

మనసు తేలికపడకపోతే కంగారుపడొద్దు. కొందరికి వెంటనే అవుతుంది, నాకు రసీదు జేబులో పెట్టుకున్నాక కూడా నెల పట్టింది. వాక్యం మారదు, మన లోపలి వాతావరణం మారుతుంది.

ఒప్పుకున్న పాపాన్నే మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటున్నారా? ‘సరిగ్గా చెప్పానో లేదో’ అని రోజంతా తిరగదోడుతున్నారా? లూథర్ సన్యాసిగా ఉన్నప్పుడు ఒక్కోసారి ఆరు గంటలసేపు పాపసంకీర్తనం చేసేవాడు. బయటికొచ్చాక ఇంకోటి గుర్తొచ్చేది. మీకు అలా ఉంటే అది ఎక్కువ భక్తి అనుకోకండి. ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు తిరిగి తిరిగి వచ్చే మానసిక జబ్బు) కావచ్చు, మందు ఉంది, మానసిక వైద్యుణ్ణి కలవండి. పాస్టర్ గారికీ ఆ సంగతి చెప్పండి.

అదే పాపంలో మళ్ళీ పడ్డారా? మళ్ళీ ఒప్పుకోండి, కానీ ఈసారి దారి కూడా మూయండి. బాప్తిస్మమిచ్చు యోహాను “మారుమనస్సుకు తగిన ఫలములు ఫలించుడి” అన్నప్పుడు జనం “మేమేమి చేయవలెను” అని అడిగారు. ఆయన చెప్పిన జవాబులు చూడండి: రెండు అంగీలుంటే ఒకటి ఇచ్చేయి. సుంకరివా, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయకు. సైనికుడివా, ఎవరినీ బెదిరించకు, జీతంతో తృప్తిపడు. ఎవరి ఉద్యోగానికి తగ్గట్టు వాళ్ళకి. మీకూ అలా ఒక్కటి రాసుకోండి. పేకాట అయితే ఆ స్నేహితుల వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రావడం. అశ్లీలం అయితే రాత్రి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టడం. ఆఫీసులో లంచం అయితే, వచ్చిన ఫైలుని వచ్చిన వరసలోనే పంపడం.

ఒక మాట బల్ల గురించి. పాపం చేశానని నెలల తరబడి ప్రభురాత్రి భోజనానికి దూరంగా వెనక బెంచీలో కూర్చునేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. మొదటి కొరింథీ 11:28లో పౌలు అన్నది: “ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని...” పరీక్షించుకుని మానేయమనలేదు, తినమన్నాడు. కతోలికులకైతే పెద్ద పాపం ఉన్నప్పుడు ముందు పాపసంకీర్తనం, తర్వాత సత్ప్రసాదం. మిగతావాళ్ళకి చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారమే బల్ల. దానికి ఇంకా ఎన్ని రోజులుందో చూసుకోండి. మీ కాగితం మీద దేవుడితో తేలినవి కొట్టేయండి. మనుషుల పేర్లున్న వరసలు మాత్రం వాళ్ళని కలిసేదాకా ఉంచండి. ఫోన్ నంబర్ లేకపోతే ఈ రోజే ఎవరినైనా అడిగి తీసుకోండి.